పాతబస్తీలో రెండు రోజుల నడక: ఫోన్ చదవలేని బోర్డులు తాత చదివాడు

బెంచ్‌మార్క్ స్కోర్లు, గేమింగ్ టెస్ట్, కెమెరా శాంపిల్స్... ఏ ఫోన్ రివ్యూ తెరిచినా ఇవే ఉంటాయి. కానీ మనలో చాలామంది ఫోన్‌ని నిజంగా కష్టపెట్టేది గేముల్లో కాదు, ఊరు తిరిగేటప్పుడు. ఎండలో స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటుంది. వెనకాల మ్యాప్ నడుస్తుంటుంది. నిమిషానికో ఫొటో, మధ్యమధ్యలో చాయ్‌కి యూపీఐ పేమెంట్. ఇలా నాలుగు గంటలు గడిస్తే ఏ ఫోన్ సంగతైనా బయటపడుతుంది.

అందుకే ఈసారి టేబుల్ మీద చేసే టెస్టులు పక్కనపెట్టి, ఫిబ్రవరిలో ఓ శని, ఆదివారాలు హైదరాబాద్ పాత నగరాన్ని కాలినడకన చుట్టొచ్చాను. చేతిలో ఏడాదిన్నర పాత మిడ్‌రేంజ్ ఫోన్. 50 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా, ఓ అల్ట్రావైడ్, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ. బ్యాగులో 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. ఇది ఆ మోడల్ రివ్యూ కాదు కాబట్టి పేరు చెప్పడం లేదు. ఈ రేంజ్‌లో మీ దగ్గర ఏ ఫోన్ ఉన్నా అనుభవం ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

రూట్ ఇదీ

శనివారం: ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి మూసీ పక్కగా నయాపూల్, అక్కడినుంచి సాలార్‌జంగ్ మ్యూజియం, ఛత్తా బజార్, పత్తర్‌గట్టి, చార్‌కమాన్, చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్, చివరగా చౌమహల్లా ప్యాలెస్.

ఆదివారం: గోల్కొండ కోట, అక్కడినుంచి నడుచుకుంటూ కుతుబ్‌షాహీ సమాధులు.

ప్లాన్ చేసుకునేవాళ్లకు ఒక మాట. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండింటికీ శుక్రవారం సెలవు. కాబట్టి శని, ఆదివారాలే సేఫ్. శనివారం రూట్‌లో ఎక్కడా ఆటో అవసరం పడలేదు.

మ్యాప్: నీలి చుక్కని పూర్తిగా నమ్మొద్దు

నయాపూల్ వరకు మ్యాప్ బ్రహ్మాండంగా పనిచేసింది. వంతెన మీద నిలబడితే ఒకవైపు ఉస్మానియా ఆసుపత్రి, ఇంకోవైపు హైకోర్టు గుమ్మటాలు. రెండింటి డిజైన్‌లోనూ విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్ చెయ్యి ఉంది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇలాంటి ఓపెన్ ప్లేస్‌లో ఫోన్‌కి ఆకాశం బాగా కనబడుతుంది, లొకేషన్ కూడా కరెక్ట్‌గా చూపిస్తుంది.

అసలు సమస్య గల్లీల్లో మొదలైంది. రెండు వైపులా మూడంతస్తుల బిల్డింగులు, మధ్యలో బైక్ పట్టేంత దారి. శాటిలైట్ సిగ్నల్ నేరుగా రాకుండా గోడలకి కొట్టుకుని వస్తుంది. అలా ఆలస్యంగా చేరిన సిగ్నల్‌తో లెక్క వేస్తే మీరున్న చోటు పది, ఇరవై మీటర్లు పక్కకి జరుగుతుంది. రోడ్డు మీద కారుకి ఇది పెద్ద విషయం కాదు. గల్లీల్లో నడిచేవాడికి మాత్రం పది మీటర్లంటే పక్క గల్లీ! లాడ్ బజార్ వెనకాల నా నీలి చుక్క ఓ ఇంటి మధ్యలో తిరుగుతూ కనిపించింది.

కొత్త ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్స్‌లో 'ఎల్1 + ఎల్5' అని, అంటే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ అని ఉందో లేదో చూడండి. గోడలకి తగిలి వచ్చే సిగ్నల్‌ని గుర్తించి పక్కనపెట్టడంలో ఎల్5 బాగా సాయపడుతుంది. మెగాపిక్సెల్స్ కోసం పెట్టే డబ్బు కంటే నడిచేవాళ్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది.

ఫోన్‌లో అది లేకపోయినా దిగులు లేదు. ఈ నగరాన్ని 1591లో చార్మినార్‌ని మధ్యలో పెట్టి, నాలుగు దిక్కులకీ నాలుగు రోడ్లు వేసి ప్లాన్ చేశారు. గల్లీలోంచి పెద్ద రోడ్డు మీదకి వచ్చి తలెత్తితే ఓ మినార్ కనబడుతుంది. 430 ఏళ్ల నుంచి ఒక్క అప్‌డేట్ కూడా లేకుండా పనిచేస్తున్న నావిగేషన్ అన్నమాట. సాయంత్రం రద్దీలో డేటా నత్తనడక నడుస్తుంది కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ మాత్రం ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.

ఎండ, వేడి, బ్యాటరీ

ఉదయం 9 గంటలకి 100 శాతంతో మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటకి 46 శాతం. ఆఫీసు రోజుల్లో ఇదే ఫోన్ రాత్రి వరకు వస్తుంది. తేడా అంతా స్క్రీన్ వల్లే. ఎండలో కనబడటానికి బ్రైట్‌నెస్ పైకి పోతుంది, దాంతో వేడి పెరుగుతుంది, ఓ స్థాయి దాటగానే ఫోన్ తనంతట తానే స్క్రీన్‌ని డిమ్ చేసేస్తుంది. మనకి స్క్రీన్ బాగా కనబడాల్సిన టైమ్‌లోనే ఇది జరుగుతుంది. యాడ్స్‌లో చెప్పే 'పీక్ నిట్స్' కొద్దిసేపటి లెక్క. నీడలోకి వెళ్లి ఫోన్‌ని జేబులో కాకుండా బ్యాగు పైభాగంలో రెండు నిమిషాలు ఉంచితే మళ్లీ మామూలు స్థితికి వచ్చేది.

పవర్ బ్యాంక్ లెక్క కూడా ఒకసారి చూద్దాం. 10,000 ఎంఏహెచ్ అనేది లోపలి సెల్ దగ్గర 3.7 వోల్టుల మీద చెప్పే అంకె. అంటే 37 వాట్ అవర్స్. వోల్టేజ్ మారేటప్పుడు, వేడి రూపంలో కొంత పోగా చేతికొచ్చేది 30 దాకా ఉంటుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి దాదాపు 19 వాట్ అవర్స్ కావాలి. కాబట్టి ఒకటిన్నర సార్లు ఫుల్ చార్జ్, రెండు సార్లు కాదు. అయినా ఈ రెండు రోజులకీ, రాత్రి ఇంట్లో చార్జింగ్‌తో కలిపి, అదే బోలెడంత. 20,000 ఎంఏహెచ్ ఇటుకని మోయాల్సిన పనిలేదు.

కెమెరా: 1ఎక్స్, ఓపిక

చార్మినార్ కింద నిలబడితే అల్ట్రావైడ్ పెట్టాలనిపిస్తుంది. పెడితే మినార్లు నాలుగూ లోపలికి వంగిపోయి గుడారంలా వస్తాయి. గుల్జార్ హౌజ్ దాకా వెనక్కి నడిచి మెయిన్ కెమెరాతో తీస్తే కమాన్ మధ్యలోంచి కట్టడం నిటారుగా వచ్చింది. జూమ్‌ పని కాళ్లే చేశాయి. 1889లో పెట్టిన గడియారం కూడా ఆ ఫొటోలో అంకెలతో సహా చదవొచ్చు.

మక్కా మసీదు ముందు సాయంత్రం నైట్ మోడ్ పెడితే కట్టడం బాగా వచ్చింది కానీ మనుషులు పొగలా వచ్చారు. నైట్ మోడ్ వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, కదిలేవాళ్లు కలవరు. జనం ఉన్నచోట నైట్ మోడ్ ఆఫ్ చేసి కాస్త గ్రెయిన్‌ని భరించడమే మేలు. లాడ్ బజార్ లక్క గాజుల దగ్గర ఇంకో చిక్కు. గాజుల మీది అద్దాలకి ఎక్స్‌పోజర్ అడ్జస్ట్ అయిపోయి మిగతాదంతా నల్లబడింది. గాజు మీద టచ్ చేసి బ్రైట్‌నెస్ స్లైడర్ కొంచెం పైకి జరిపితే సరిపోతుంది.

ఇంతవరకూ ఏ ట్రావెల్ ఆర్టికల్‌లోనైనా దొరికేదే. నేను అసలు రాయాలనుకున్నది ఇక్కడినుంచి.

బోర్డులు చదవడం: యాప్ వర్సెస్ తాత

పాత నగరంలో సగం సమాచారం గోడల మీదే ఉంటుంది, అదీ ఉర్దూలో. నాకు ఉర్దూ అక్షరం ముక్క రాదు. అందుకే ట్రాన్స్‌లేషన్ యాప్‌లో ఉర్దూ ప్యాక్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా. ఫ్లెక్సీల మీద కంప్యూటర్ ఫాంట్‌లో ఉన్న బోర్డులని యాప్ చాలావరకు లాగేసింది. చేత్తో రాసిన పాత బోర్డుల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది.

కారణం ఉంది. ఉర్దూ రాసే నస్తాలీఖ్ పద్ధతిలో అక్షరాలు మనలా ఒక గీత మీద కూర్చోవు. కుడినుంచి ఎడమకి ఏటవాలుగా దిగుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చేత్తో రాసేవాడు అందం కోసం చుక్కల్ని ఖాళీ ఉన్నచోటికి జరుపుతాడు. మెషిన్‌కి ఏ చుక్క ఏ అక్షరానిదో తేల్చుకోవడం కష్టం.

ఛత్తా బజార్‌లో అయితే ఇలాంటివి వరసగా ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర్లో ఉండే ఈ వీధి పెళ్లి కార్డుల ప్రింటింగ్‌కి, ఉర్దూ చేతిరాతకి పేరు. అక్కడ రంగు వెలిసిన ఓ చిన్న బోర్డుకి ఫోన్ పెడితే యాప్ చెప్పిన అర్థం: 'చర్మం తయారుచేసేవాడు'. లోపల చూస్తే పుస్తకాలు, జిగురు డబ్బా!

అప్పుడు గుర్తొచ్చాడు మా తాత. వయసు 87. జగిత్యాల వైపు ఊళ్లో ఉంటాడు. ఆయన బడికి వెళ్లింది నిజాం కాలంలో, మొదటి చదువంతా ఉర్దూలోనే. తర్వాత తహసీల్ కచేరిలో ఉద్యోగం. ఫొటోని బాబాయి ఫోన్‌కి పంపించా. ఐదు నిమిషాల్లో వాయిస్ మెసేజ్.

"బిడ్డా, అక్షరాలు మంచిగనే ఉన్నయి గని చుక్కలు కనవడ్తలేవు. చుక్క లేకుంటె గది జీమా, చేనా, ఖేనా ఎట్ల తెలుస్తది?"

టెక్నికల్‌గా తాత చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. ఉర్దూలో జీమ్, చే, హే, ఖే నాలుగింటి ఆకారం ఒక్కటే. తేడా అంతా చుక్కల్లోనే. మెసేజింగ్ యాప్‌లు మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గిస్తాయి. మొహాలు, బిల్డింగులు అయితే తేడా తెలియదు. బోర్డు మీది చుక్క మాత్రం పక్క రంగులో కలిసిపోతుంది. అదే ఫొటోని ఫైల్‌గా, డాక్యుమెంట్ ఆప్షన్‌లో పంపించా.

"ఇప్పుడు మంచిగ అవుపడ్తున్నది. జిల్ద్‌సాజ్. పుస్తకాలకు అట్ట కట్టెటోడు బిడ్డా. మా కచేరిల దఫ్తర్లకు జిల్దు కట్టిస్తుంటిమి గద."

జిల్ద్ అంటే చర్మం అనీ అర్థం ఉంది, పుస్తకం అట్ట అనీ ఉంది. యాప్‌కి మొదటిది దొరికింది. తాతకి రెండోది ఉద్యోగంలోనే తెలుసు.

పక్క బోర్డుకి యాప్ 'సంతోషం' అని చెప్పి ఆగిపోయింది. తాత ఒక్క చూపులో చదివేశాడు: "ఖుష్‌నవీస్. చేతిరాత ముత్యాలలెక్క రాసెటోడు." ఇంకోటి మందుల దుకాణం బోర్డు, యాప్ దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చూపించింది. తాత చదివి వినిపించింది మాత్రం 'దవాఖానా'.

ఇక్కడే నాకో విషయం తట్టింది. దవాఖాన, కచేరి, దుకాణం, దఫ్తర్, తారీఖు... ఇవన్నీ మా ఇంట్లో రోజూ వినే మాటలే. నాకు అడ్డం అక్షరాలే, మాటలు కాదు. అంటే నాకు కావాల్సింది అనువాదం కాదు, ఎవరైనా పైకి చదవడం. యాప్ నేరుగా ఇంగ్లిష్ అర్థానికి దూకేసి, మధ్యలో నాకు తెలిసిన మాటని మింగేస్తోంది. అప్పటినుంచి అర్థం చూడటం మానేసి, గుర్తించిన ఉర్దూ అక్షరాల పక్కన ఉండే స్పీకర్ బటన్ నొక్కి వినడం మొదలుపెట్టా. ఫ్లెక్సీ బోర్డుల్లో చాలావాటికి అదే సరిపోయింది. తెలంగాణ వాళ్లెవరైనా పాత నగరానికి వెళ్తే ముందు ఈ బటన్ ట్రై చేయండి.

అట్టలు కట్టే దుకాణంలో పెద్దాయన నా తతంగం అంతా చూస్తూనే ఉన్నాడు. తాత గొంతు స్పీకర్‌లో విని ఫోన్ ఇటివ్వమని సైగ చేశాడు. బాబాయికి కాల్ కలిపా. "సలాం సాబ్, ఆప్ కహాం సే?" అని ఈయన, "హౌ, హౌ" అంటూ ఆయన. రెండు నిమిషాల్లో కాగితం ధర నుంచి మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లిపోయారు. ఇప్పుడు కార్డులన్నీ కంప్యూటర్‌లోనే, కలం పట్టేవాళ్లు తగ్గిపోయారని ఆయన చెబితే, అవతల తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా ఇంట్లో ఉర్దూ చదవగలిగేది తాత ఒక్కడే. నాన్నకి మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాకు రెండూ అంతంతమాత్రం. నేనైతే మెషిన్‌కి చదవడం నేర్పే కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నా, చదివే మనిషి ఇంట్లోనే ఉన్నాడని ఆ రోజు దాకా ఆయన్ని ఏ బోర్డూ అడగలేదు ఎవరూ.

ఆదివారం: గోల్కొండ, సమాధులు

గోల్కొండలో ఫోన్‌తో చేయదగ్గ టెస్ట్ ఒకటుంది. ముఖద్వారం లోపలి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైన బాలాహిసార్ దగ్గర వినబడేలా కట్టారు. ఫ్రెండ్‌ని కింద ఉంచి నేను పైనుంచి రికార్డ్ చేశా. చెవికి విన్పించింది, వాయిస్ రికార్డర్‌లో మాత్రం దాదాపు మాయం. నాయిస్ రిడక్షన్ మాటల్ని ఉంచి 'టప్' మనే చిన్న శబ్దాల్ని చెత్త అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆఫ్ చేసి మళ్లీ కొట్టిస్తే పడింది.

కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. మెట్లు మూడొందలకు పైనే. నా ఫోన్‌లో బారోమీటర్ లేదు కాబట్టి అడుగులు లెక్కపెట్టింది కానీ ఎక్కిన ఎత్తు దానికి తెలియలేదు. ఫ్రెండ్ వాచ్‌లో ఉంది. దాదాపు 9 మీటర్లు ఎక్కితే గాలి ఒత్తిడి 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది, దాన్నిబట్టి ఎన్ని అంతస్తులు ఎక్కామో చెప్పేస్తుంది. నా కాళ్లు ఏ సెన్సార్ లేకుండానే చెప్పాయనుకోండి.

అక్కడినుంచి కుతుబ్‌షాహీ సమాధులకి నడక. ఆగాఖాన్ ట్రస్ట్ చేపట్టిన పునరుద్ధరణ తర్వాత చూడాల్సిన చోటు. నల్లరాతి సమాధుల మీద చెక్కిన అక్షరాలు పక్కనుంచి పడే వెలుతురులో బాగా కనబడతాయి, ఫ్లాష్ వేస్తే చదునైపోతాయి. ఓ ఫొటో తాతకి వెళ్లింది. జవాబు వెంటనే వచ్చింది.

"ఇది అరబ్బీ బిడ్డా, ఉర్దూ గాదు. అక్షరాలు పడ్తయి గని అర్థం నాకు రాదు. రాంది వచ్చిందని చెప్పద్దు."

యాప్ మాత్రం అదే రాతికి ఓ పొడవాటి వాక్యం ఇచ్చేసింది, ఏమాత్రం అనుమానం లేకుండా. 'నాకు రాదు' అని చెప్పే ఆప్షన్ ఇంకా దానికి రాలేదు.

ఇక్కడే ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి కూడా ఉంది. తెలుగు కవులని ఆదరించినవాడు, మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అని తెలుగు చేసుకున్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కే పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. కుతుబ్‌షాహీల ఫర్మానాల్లో పారశీకం, తెలుగు పక్కపక్కనే ఉన్నవి ఉన్నాయి. ఈ రెండు లిపులూ ఒకే కాగితం మీద బతికిన ఊరిది.

బోర్డు ఫొటోలకి నా సెట్టింగ్స్

• బోర్డుకి ఎదురుగా నిలబడండి. పక్కనుంచి తీస్తే ఏటవాలు అక్షరాలు ఇంకా వంగుతాయి.

• ఎత్తులో ఉంటే 2ఎక్స్ వరకు ఓకే. 30ఎక్స్ ఏఐ జూమ్ వద్దు. కొన్ని ఫోన్లలో అది కనబడని గీతల్ని ఊహించి గీస్తుంది. చెట్టుకి ఒక ఆకు ఎక్కువైతే నష్టం లేదు, అక్షరానికి ఒక చుక్క ఎక్కువైతే మాటే మారిపోతుంది.

• పంపేటప్పుడు డాక్యుమెంట్ లేదా హెచ్‌డీ ఆప్షన్.

• దుకాణం బోర్డు తీసేముందు లోపల ఉన్నవాళ్లని అడగండి. అడిగితేనే కథ కూడా దొరుకుతుంది.

• వాయిస్ మెసేజ్‌లని చాట్‌లో వదిలేయకండి. ఫోన్ మార్చినప్పుడు మొదట పోయేవి అవే. ఫొటో, ఆడియో రెండింటికీ ఒకే పేరు, తేదీ పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచండి, క్లౌడ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి.

మా మాట

ఇలాంటి ట్రిప్ కోసం కొత్త ఫోన్ కొనాలా? అక్కర్లేదు. పాతిక వేల లోపు ఫోన్, చిన్న పవర్ బ్యాంక్, ఆఫ్‌లైన్ మ్యాప్ చాలు. ఎలాగూ కొత్తది కొనబోతుంటే మెగాపిక్సెల్స్ కంటే ముందు డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్, ఎండలో నిలబడే స్క్రీన్ చూసుకోండి. బోర్డులు చదవడానికి మాత్రం ముందు ఇంట్లో అడగండి.

రెండు రోజులకి కలిపి 31 బోర్డులు తీశా. యాప్ సరిగ్గా చదివినవి 17, తాత చదివినవి 26. మిగతా ఐదు ఎవరికీ రాలేదు, అందులో మూడు అరబ్బీ. ఆ 26 ఆడియోలూ ఇప్పుడు ఫోల్డర్‌లో ఉన్నాయి. నిన్న బాబాయి ఫోన్ నుంచి ఇంకోటి వచ్చింది. ఈసారి నేనేమీ అడగలేదు.

"మళ్ల ఎప్పుడు వోతవు బిడ్డా? అఫ్జల్‌గంజ్‌ల పెద్ద లైబ్రరీ ఉంటది, ఎన్కట అసఫియా అనేటోళ్లు. దాని లోపట ఏం రాసున్నదో ఫొటోలు తీస్కరా. చుక్కలు కనవడాలె మల్ల."

వచ్చే శనివారానికి ప్లాన్ అదే.